బండి పేరు జెప్పకు, బోల్టు కొలిచి జెప్పు

పోయిన ఎండాకాలం ఒకనాడు బ్రేక్ పెడల్ నా కాలు కింద మెల్లగ నేలకు దిగిపోయింది. బండి ఇంటి ముందట నిలబడే ఉన్నది కాబట్టి సరిపోయింది. ఇంకో పది నిమిషాలైతే మా బిడ్డను పక్కన కూసోవెట్టుకొని రోడ్డెక్కేటోన్ని. తప్పు బండిది కాదు, సామాను అమ్మినోనిది గూడ కాదు. నేను ఆర్డర్ పెట్టిన తీరుల ఉన్నది తప్పు. గది ఇంకొకరు చెయ్యొద్దని రాస్తున్న.

నేను ఉండేది ఇంగ్లండ్‌ల. నా దగ్గర డటన్ ఫేటన్ అనే పాత కిట్ కారు ఉన్నది. కిట్ కారు అంటే మన దిక్కు చానమందికి కొత్త. కంపెనీ కారును మొత్తం కట్టి ఇయ్యది. చాసిస్, ఫైబర్ బాడీ, ఇంకొన్ని సామాన్లు ఇస్తది. ఇంజన్, గేర్‌బాక్స్, యాక్సిల్, బ్రేకులు, స్టీరింగు మనమే ఒక పాత కారు కొని, విప్పి, దీనికి ఎక్కించుకోవాలె. రక్తం ఇచ్చినోళ్లను అన్నట్టు, గా విప్పిన కారును ఇక్కడ ‘డోనర్’ అంటరు.

ఈ అలవాటు పెరగనీకి పెద్ద కారణం పన్ను. అప్పట్ల బ్రిటన్‌ల కట్టిన కొత్త కారు కొంటే కొనుగోలు పన్ను పడేది. విడి సామానుగ కొని ఇంట్ల కట్టుకుంటే పడకపోయేది. 1957ల వచ్చిన లోటస్ సెవెన్‌ను మస్తుమంది గట్లనే కొన్నరు. 1973 ఏప్రిల్‌ల వ్యాట్ వచ్చినంక ఆ లాభం పోయింది. అయినా అలవాటు పోలే. బాడీ తుప్పువట్టి, ఇంజన్ మంచిగున్న ఫోర్డ్ ఎస్కార్ట్‌లు అగ్గువకు దొరికేటియి. 70లల, 80లల గా బండ్ల మీదనే ఎన్నో కిట్ కార్లు లేసినయి. నాది గూడ గా కోవలదే.

ఇక్కడనే అసలు చిక్కు. మామూలు కారుకు పేరు, ఏడు జెప్తే దుకాణపాయన పుస్తకం జూసి సామాను తీసిస్తడు. కిట్ కారుకు గా పుస్తకం లేదు. కట్టినాయన తన షెడ్డుల ఏది దొరికితే అది ఏసిండు. ఆయన తర్వాత కొన్నాయన పాడైనకాడ ఇంకోటి మార్చిండు. ఒక్క ఇంట్ల నాలుగు ఇంటిపేర్లున్నట్టు, ఒక్క బండిల నాలుగు బండ్లుంటయి. కాయితం మాత్రం ఒక్కటే పేరు జెప్తది.

నా బండి కాయితంల డోనర్ 1972 ఎస్కార్ట్ 1300 అని ఉన్నది. నేను దాన్నే నమ్మిన. మొదట వెనక బ్రేక్ షూలు తెప్పిచ్చిన. డ్రమ్ము విప్పి పెట్టి చూస్తే చిన్నగయినయి. ఎస్కార్ట్‌లకు వెనక డ్రమ్ములు 8 అంగుళాలయి ఉన్నయి, జోరు బండ్లకు 9 అంగుళాలయి ఉన్నయి. నా బండికి ఎవరో 9 అంగుళాల డ్రమ్ములున్న యాక్సిల్ ఎక్కించిండ్రు. పైసలు, వారం రోజులు పోయినయి, గంతే. అప్పుడన్న బుద్ధి రావాలె. రాలే.

తర్వాత ముందు చక్రాల బ్రేక్ హోసులు తెప్పిచ్చిన. అమ్మినాయన ‘ఏ ఏడు బండి?’ అని అడిగితే మళ్ల 1972 అన్న. ఆయన గా కాలానికి తగ్గట్టు అంగుళాల మర ఉన్న హోసు పంపిండు. నా బండికేమో ముందు క్యాలిపర్లు ఎవరో కొత్తకాలంవి, మిల్లీమీటర్ల మరవి ఏసిండ్రు. ఇక్కడ ప్రమాదం ఏందంటే ఆ రెండు మరలు అన్నదమ్ముల లెక్క ఉంటయి. 3/8 అంగుళం అంటే 9.5 మిల్లీమీటర్ల చిల్లర. రెండోది 10 మిల్లీమీటర్లు. మరల నడుమ దూరం ఒకదానికి సుమారు 1.06 మిల్లీమీటర్లు, ఇంకోదానికి సరిగ్గ 1. సన్నది పెద్ద రంధ్రంలకు సాఫీగనే పోతది. బిగిసినట్టే బిగుస్తది. కాని మరలు ఒకదాన్నొకటి అంచుల మీదనే పట్టుకుంటయి. గట్టిగ బ్రేక్ తొక్కితే నూనె ఒత్తిడికి జారుతయి.

నాకు గదే అయింది. పక్కింటి పెద్దాయన ఒకప్పుడు మెకానిక్. రోడ్డెక్కే ముందు ఇంజన్ ఆన్ చెయ్యకుంటనే పెడల్ గట్టిగ తొక్కి, అర నిమిషం పట్టి ఉంచుమన్నడు. ఉంచిన. దిగిపోయింది. చక్రం కింద నూనె మడుగు. ఆయన హోసు విప్పి, వేళ్ల నడుమ మరను తిప్పి చూసి, ‘నువ్వు బండిని కొలిచినవా, కాయితాన్ని కొలిచినవా?’ అని అడిగిండు.

గా దినం నుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఇది.

మొదలు, బండిని ఒక్క బండి అనుకోవద్దు. ఒక నోటుబుక్కుల ఇంజన్, గేర్‌బాక్స్, ముందు సస్పెన్షన్, వెనక యాక్సిల్, బ్రేకులు, స్టీరింగు, కరెంటు సామాను అని వేరువేరు పేజీలు పెట్టాలె. ఒక్కోదానికి డోనర్ ఎవరో విడిగ తేల్చాలె.

చక్రం బోల్టులు మంచి సాక్ష్యం జెప్తయి. నాలుగు బోల్టులుంటే ఎదురెదురు బోల్టుల నడిమధ్య నుంచి నడిమధ్యకు కొలవాలె. నడిమధ్య దొరకకుంటే ఒకదాని బయటి అంచు నుంచి ఎదురుదాని లోపలి అంచుకు కొలిచినా లెక్క అదే. 108 మిల్లీమీటర్లు వస్తే ఎస్కార్ట్, కార్టీనా లాంటి ఫోర్డ్ సంతతి. సుమారు 95 వస్తే ట్రయంఫ్ హెరాల్డ్ లేదా స్పిట్‌ఫైర్. 101.6 అయితే మినీ. 130 అయితే తర్వాతి కాలం బీటిల్. అంతకు ముందటి బీటిల్‌కు 205 మిల్లీమీటర్ల గుండ్రంల ఐదు బోల్టులు. హెరాల్డ్ మనకు కొత్తది గాదు. 1961 నుంచి మద్రాసుల స్టాండర్డ్ హెరాల్డ్ పేరు మీద తయారైందే. దాని ముందు సస్పెన్షన్ సామాను ఇక్కడ చాన కిట్ కార్లల కనవడతది. అయితే ముందు చక్రం ఒక మాట, వెనక చక్రం ఇంకో మాట జెప్పొచ్చు. రెండూ కొలవాలె.

రెండోది, ఇనుము మీద ఉన్న నంబర్లు. వీటిల రెండు రకాలు. పోతపోసినప్పుడే ఉబ్బెత్తుగ వచ్చిన నంబరు ఒకటి, తర్వాత కొట్టిన నంబరు ఒకటి. పోత నంబరు కుటుంబం పేరు జెప్తది, మనిషి పేరు జెప్పది. నా ఇంజన్ బ్లాకు మీద 711ఎం అని ఉన్నది. మొదటి 71 అంటే 1971ల గీసిన డిజైన్ అని. బ్లాకు తయారైన ఏడు అని గాదు. పైగా గా కాలం ఫోర్డ్ క్రాస్‌ఫ్లో ఇంజన్లల 1100, 1300, 1600 మూడింటికీ సిలిండర్ వెడల్పు ఒక్కటే, సుమారు 81 మిల్లీమీటర్లు. తేడా అంతా పిస్టన్ కింది నుంచి మీదికి నడిచే దూరంల ఉన్నది. 1100కు 53, 1300కు 63, 1600కు 77.6 మిల్లీమీటర్లు. హెడ్ విప్పిననాడు గా దూరం కొలిస్తే అబద్ధం ఉండది. పిస్టన్ నెత్తి మీద +30 లాంటి గుర్తుంటే సిలిండర్ ఒకసారి పెద్దగ కోసిండ్రని అర్థం. అప్పుడు మామూలు రింగులు పనికిరావు.

మూడోది, కొన్ని వస్తువులకు బండి పేరే అక్కరలేదు. గుండ్ల బేరింగు మీద 6205 అని ఉంటే చివరి రెండంకెలను 5తోని గుణించాలె. లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు. 6204 అయితే 20. అంగుళాల కొలత టేపర్ బేరింగులకు ఈ లెక్క చెల్లది, వాటి నంబరు ఉన్నదున్నట్టు రాసుకోవాలె. ఆయిల్ సీల్‌కు మూడు కొలతలు చాలు: లోపలి షాఫ్టు, బయటి గూడు, మందం. ఇయి పట్టుకపోతే ఇక్కడి దుకాణమైనా, మన రాణిగంజ్‌ల బేరింగుల దుకాణమైనా ఏ బండి అని అడగకుంట ఇస్తరు.

బ్రేకుల కాడ మాత్రం ఇంకింత జాగ్రత్త. మాస్టర్ సిలిండర్ బయటికి ఒక్కతీరుగ కనవడ్డా లోపలి వెడల్పు వేరు ఉండొచ్చు. 5/8 అంగుళం ఉన్నకాడ 3/4 అంగుళంది ఏస్తే కాలి బలం అంతే పెట్టినా నూనె ఒత్తిడి దాదాపు 30 శాతం తగ్గుతది. పెడల్ గట్టిగ తగిలి ‘బ్రేక్ మంచిగయింది’ అనిపిస్తది. బండి మాత్రం ఆగది. కొన్నిటి ఒంటి మీద గా కొలత పోతపోసి ఉంటది. లేకుంటే విప్పి వెర్నియర్‌తోని కొలవాలె. మరలకు మర గేజీ కొనుక్కోవాలె. ఒక్క హోసు కంటె అగ్గువకే వస్తది.

ఆర్డర్ పెట్టేటప్పుడు బండి పేరుతోని మొదలుపెట్టొద్దు. ‘పాత వస్తువు ఫొటో ఇది, పక్కన స్కేలు పెట్టిన, వెడల్పు ఇంత, మర ఇది, ఒంటి మీద నంబరు ఇది’ అని రాయాలె. సరిపోకుంటే వాపస్ తీసుకుంటరా అని ముందే అడగాలె. కొత్తది వచ్చి, బిగించి, పరీక్ష అయ్యేదాక పాతది పారేయొద్దు. ఎన్నో ఏండ్ల కింద తయారై డబ్బాల ఉన్న ‘కొత్త’ సామాను అమ్ముతరు. ఇనుప గేరయితే సరే. బ్రేక్ రబ్బరు మాత్రం వద్దు, డబ్బాల ఉన్నా రబ్బరుకు వయసు అయితది.

ఇదంతా ఇంగ్లండ్ ముచ్చటని తీసిపారేయకుండ్రి. మన దిక్కు జీపుల మటాడోర్ ఇంజన్ ఏసి నడిపినోళ్లు తక్కువ లేరు. ఏసిన మేస్త్రీకి అన్నీ యాదికుంటయి. ఆయన పోయినంక ఆ బండి ఎవరికీ అర్థం గాదు. సామాను మార్చుడు తప్పని నేననను, మార్చబట్టే ఈ బండ్లు బతికినయి. మార్చి రాసిపెట్టకపోవుడు తప్పు. క్యాలిపర్లు మార్చినాయన ఒక్క ముక్క కాయితం బండిల పెట్టి ఉంటే నా పెడల్ నేలకు దిగకపోవు.

నా నోటుబుక్కు ఇప్పుడు బండి అరలనే ఉంటున్నది. ఏ హోసు, ఏ మర, ఏ తారీకు అన్నీ అండ్ల ఉన్నయి. బండి అమ్మిననాడు తాళంచెవితోని పాటు అదీ ఇస్త.