సీసాలోని పొంగు – దాని వెనుక లెక్క

గోలీసోడా తాగనివాళ్లు మనలో అరుదు. సోడా కొట్టే అతను నీళ్లు పోసిన సీసాను మిషనులో పెట్టి, సిలిండరులోని కార్బన్ డయాక్సైడును ఒత్తిడితో ఎక్కించి, గిరగిరా తిప్పుతాడు. ఒత్తిడి ఒక్కటే కాబట్టి సీసాలన్నిటిలోనూ గ్యాసు ఇంచుమించు సమానమే.

సిలిండరు లేకుండానే సీసాలో గ్యాసు పుట్టించే మార్గం ఇంకొకటుంది. బ్రిటన్, అమెరికాలలో ఇంట్లో బీరు కాచుకునేవారు అనుసరించేది అదే. బ్రిటన్‌లో 1963లో ఇందుకు లైసెన్సు అక్కర లేకుండా చేశారు. అమెరికాలో 1978లో కేంద్ర చట్టం ఒప్పుకుంది. మన దగ్గర లైసెన్సు లేకుండా కాయడం నేరం. కాబట్టి మనకు కావలసింది బీరు కాదు, అందులోని కెమిస్ట్రీ!

కల్లు సంగతి పల్లెటూరి వాళ్లకు చెప్పనక్కర లేదు. చెట్టు దించిన కాసేపటికే ముంతలో నురగలు కక్కుతుంది. ఈస్టు అనే సూక్ష్మజీవి అందులోని తీపిని తిని ఆల్కహాలునూ, కార్బన్ డయాక్సైడునూ విడుస్తుంది. బీరు పులియడమూ అంతే. పులియడం ముగిసేసరికి గ్యాసు చాలామటుకు గాలిలో కలిసిపోయి బీరు చప్పబడుతుంది. అప్పుడు కొద్దిగా పంచదార చేర్చి, సీసాలలో నింపి, మూత బిగిస్తారు. మిగిలిన ఈస్టు ఆ పంచదారను తింటుంది. పుట్టిన గ్యాసు పోయే దారి లేక బీరులోనే కరుగుతుంది.

ఎంత పంచదార వేయాలి? ఒక గ్రాముకు సుమారు అర గ్రాము గ్యాసు వస్తుంది. 20 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర పులిసిన బీరులో లీటరుకు సుమారు 1.7 గ్రాముల గ్యాసు అప్పటికే ఉంటుంది. మామూలు బీరుకు 4.7 గ్రాములు కావాలనుకుందాం. తక్కువైనది 3 గ్రాములు. అంటే లీటరుకు 6 గ్రాములు, 20 లీటర్లకు 120 గ్రాముల పంచదార.

లెక్క సరే. మరి ఒకే పాత్రలోంచి నింపిన సీసాలలో ఒకటి చప్పగా ఉండి, ఇంకొకటి మూత తీయగానే బుస్సున చిమ్ముతుందేం?

పురుగుమందు సంగతి చూడండి. డ్రమ్ములో మందు సరిగా కలపకుండా స్ప్రేయరు నింపితే కొన్ని సాళ్లు మాడిపోతాయి, కొన్ని సాళ్లకు పురుగు వదలదు. మోతాదు తప్పలేదు, కలపడం తప్పింది. ఇక్కడా అదే. పంచదార పాకం బీరు కంటే బరువు. పైన పోసి వదిలేస్తే అడుక్కి దిగుతుంది. అడుగు నుంచి నింపిన మొదటి సీసాలకు తీపంతా పోయి, చివరి వాటికి ఏమీ మిగలదు. పోనీ సీసాకు ఇంతని చెంచాతో వేద్దామా? 330 మిల్లీలీటర్ల సీసాకు కావలసింది 2 గ్రాములే. అర గ్రాము తేడా వచ్చిందా, నాలుగో వంతు తప్పినట్టే.

అందుకని పంచదారను తూచి, కాసిని నీళ్లలో మరిగించి, చల్లార్చి, శుభ్రమైన ఖాళీ పాత్రలో ముందుగా పోస్తారు. దానిమీదికి బీరును గొట్టంతో అడుగు నుంచి, సుడి తిరిగేలా మెల్లగా దింపుతారు. పైగా శుభ్రమైన గరిటెతో నెమ్మదిగా కలుపుతారు. గలగలా చిలికితే మాత్రం ఆక్సిజను చేరి రుచి చెడుతుంది. నింపిన సీసాలన్నిటినీ ఒకేచోట, 20 డిగ్రీల ప్రాంతంలో రెండు వారాలుంచాలి. చల్లని మూలనున్న సీసాలో ఈస్టు మందగించి గ్యాసు ఆలస్యమవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, పులియడం పూర్తికాకుండా మూత వేయరాదు. హైడ్రోమీటరు రీడింగు రెండు మూడు రోజులు కదలకుండా ఉండాలి. లేకపోతే మిగిలిన తీపి కూడా గ్యాసై సీసా పేలుతుంది. ఆ గాజుపెంకు కంటికి తగిలితే చూపే పోవచ్చు.

తప్పు ఎక్కడో పట్టుకోవడమూ తేలికే. సీసాలన్నీ ఒకే తీరున పొంగుతుంటే తూకాన్ని, పులియడాన్ని అనుమానించాలి. వరసగా కొన్ని పొంగి, కొన్ని చప్పగా ఉంటే కలపడాన్ని అనుమానించాలి. ఏదో ఒక్కటే చిమ్మితే ఆ సీసా సరిగా కడగలేదేమో, ఒక్కటే చప్పగా ఉంటే దాని మూత వదులేమో చూడాలి. మొత్తం మోతాదు సరిపోతే చాలదు, అది ప్రతి సీసాకూ సమంగా అందాలి.