తుపాకి గొట్టంలో పువ్వు – ఒక నటి కథ

మాది వ్యవసాయ కుటుంబం. సినిమా అంటే మా నాన్న దృష్టిలో పనిలేనివాళ్ల కాలక్షేపం. "నటుల సంగతి తెలుసుకుంటే నీ డిగ్రీకి మార్కులు కలుపుతారట్రా?" అంటాడు. ఆ ప్రశ్నకు జవాబుగా పోర్చుగల్ నటి మరియా ద మెదైరోస్ గురించి నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఈమె 1965లో లిస్బన్‌లో పుట్టింది. తండ్రి సంగీతకర్త. బాల్యం చాలావరకు వియన్నాలో గడిచింది. ఆనాటి పోర్చుగల్ నియంతృత్వంలో మగ్గుతోంది. 1926 నుంచి 48 ఏళ్లపాటు నోరెత్తిన వాడికి జైలే గతి. మన గోవా వాళ్ల చేతుల్లోంచి జారిపోయిన 1961లోనే ఆఫ్రికా వలసల్లో యుద్ధం మొదలైంది. పదమూడేళ్ల యుద్ధంతో విసిగిపోయిన కెప్టెన్లు 1974 ఏప్రిల్ 25న ప్రభుత్వాన్ని కూలదోశారు. రహస్య పోలీసుల కాల్పుల్లో నలుగురు పౌరులు చనిపోయారు. సైనికుల తుపాకుల్లో మాత్రం కార్నేషన్ పూలు వెలిశాయి. అప్పటికి మరియాకు ఎనిమిదేళ్లు.

పదిహేనో ఏట 'సిల్వెస్త్రె' చిత్రంతో నటనకు శ్రీకారం చుట్టింది. పారిస్‌లో నాటకకళ నేర్చుకుంది. 1990లో 'హెన్రీ అండ్ జూన్'లో రచయిత్రి అనాయిస్ నిన్‌గా మెప్పించింది. 1994లో 'పల్ప్ ఫిక్షన్'తో ప్రపంచమంతా గుర్తుపట్టింది. అదే ఏడు తెరెసా విలావెర్దె తీసిన పోర్చుగీసు చిత్రానికి వెనిస్‌లో ఉత్తమ నటి బహుమతి అందుకుంది.

ఇక హాలీవుడ్‌లోనే స్థిరపడి ఉండొచ్చు. ఆమె మాత్రం మెగాఫోన్ పట్టి, 2000లో 'కాపితాయిన్ష్ ద అబ్రిల్', అంటే 'ఏప్రిల్ కెప్టెన్లు', తీసింది. సాంతరేం నుంచి లిస్బన్‌కు దళాన్ని నడిపించిన 29 ఏళ్ల కెప్టెన్ సల్గైరో మాయా అందులో కథానాయకుడు. ఆంటోనియా పాత్ర తానే వేసింది. చిన్నతనంలో తన దేశానికి దక్కిన స్వేచ్ఛను, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు కళ్లకు కట్టినట్టు చూపించింది.

సెలవుల్లో ఇదంతా నాన్నకు చెప్పాను. అంతా విని, "ఆ పూలు ఎవరిచ్చార్రా?" అన్నాడు. రైతు కదా! సెలెస్త్ కైరో అనే హోటల్ కార్మికురాలని చెప్పాను. హోటల్ వార్షికోత్సవానికి తెప్పించిన పూలు, ఆ రోజు హోటల్ తెరవక ఇంటికి పట్టుకెళుతోంది. దారిలో ఒక సైనికుడు సిగరెట్ అడిగితే, లేదని పువ్వు చేతిలో పెట్టింది.

నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ సినిమా నాకూ చూపించు" అన్నాడు.

మార్కులు కలుస్తాయా లేదా అన్నది మళ్లీ అడగలేదు.