మధ్యలో ఉన్నవాడు ఏం చెప్పాలి?

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నా చేతుల మీదుగా ఓ ఘోరం జరగబోయి తప్పింది.

మా ఇంట్లో కింద సిగ్నల్ ఉండదు. ఫోన్ మాట్లాడాలంటే డాబా ఎక్కాల్సిందే. నాన్నమ్మకు షుగర్ పెరిగిందని డాక్టర్‌గారికి ఫోన్ చేశాను. స్పీకర్ ఆన్‌లో ఉంది. పైన గాలి హోరు. ఆయన గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోంది. కింద మెట్ల దగ్గర కుర్చీలో నాన్నమ్మ. ఇన్సులిన్ ఎన్ని యూనిట్లో అడిగి, వినపడింది వినపడినట్టు కిందికి కేకేశాను.

"యాభై అంట నాన్నమ్మా!"

"యాభై ఏంట్రా? నిన్నటిదాకా పన్నెండేగా. చివర్లో 'టీన్' అన్నట్టు వినపడింది నాకు. మళ్లీ అడుగు."

అడిగాను. ఫిఫ్టీ కాదు, ఫిఫ్టీన్. నా చేతులు చల్లబడ్డాయి. ఇన్సులిన్ అంత ఎక్కువైతే షుగర్ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదకొస్తుంది.

ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. బీటెక్‌లో ఈసీఈ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డ బోలెడుమందిలో నేనొకణ్ని. ఇన్ఫర్మేషన్ థియరీ అంటే పరీక్ష ముందురోజు బట్టీ పట్టిన ఒక్క ఫార్ములానే గుర్తు. ఫోన్‌లో పాత పీడీఎఫ్ ఏదో తిరగేస్తుంటే 'రిలే ఛానల్' అనే పాఠం తగిలింది. చదువుతుంటే అదంతా మా డాబా కథే!

క్లాడ్ షానన్ 1948లో వేసిన లెక్కలో ఇద్దరే ఉంటారు. ఒకరు చెప్తారు, ఒకరు వింటారు, మధ్యలో నాయిస్. ఆ దారికి ఒక కెపాసిటీ ఉంటుంది. ఆ వేగం దాటకుండా, తెలివిగా కోడ్ చేసి పంపితే తప్పుల్ని ఎంత కావాలంటే అంత తగ్గించొచ్చు. 1971లో వాన్ డెర్ మ్యూలెన్ అనే ఆయన వీళ్ల మధ్యలో మూడో మనిషిని నిలబెట్టాడు. అతనే రిలే. అంటే నేను. మెలిక ఎక్కడుందంటే, నాన్నమ్మకు నా కేక ఒక్కటే కాదు, స్పీకర్‌లోంచి డాక్టర్ గొంతు కూడా సన్నగా వినపడుతోంది. ఆ సన్నటి శబ్దాన్ని పారేయకుండా వాడుకోవడంలోనే ఉంది మజా అంతా.

మరి మధ్యలో ఉన్నవాడు ఏం చేయాలి? అన్నిటికంటే సులువు, ఫోన్‌ని మైకు ముందు పెట్టేయడం. దీన్ని యాంప్లిఫై అండ్ ఫార్వర్డ్ అంటారు. డాక్టర్ గొంతుతో పాటు గాలి హోరు కూడా పెద్దదవుతుంది, అదీ చిక్కు.

ఇంతకంటే తెలివైన పద్ధతులు రెండు థామస్ కవర్, అబ్బాస్ ఎల్ గమాల్ 1979లో రాసిన పేపర్‌లో ఉన్నాయి. మొదటిది డీకోడ్ అండ్ ఫార్వర్డ్. రిలే సందేశాన్ని పూర్తిగా అర్థం చేసుకుని, నాయిస్‌ను అక్కడే వదిలేసి, కొత్తగా పంపుతుంది. సందేశాన్ని ముక్కలు చేసుకుంటారు. పంపేవాడు కొత్త ముక్క పంపుతున్నప్పుడు రిలే పాత ముక్క గురించి చెప్తుంటుంది. అది ఏం చెప్పబోతోందో పంపేవాడికి ముందే తెలుసు కాబట్టి తనూ గొంతు కలుపుతాడు. ఇద్దరూ కలిసి ఒకే బండిని తోసినట్టన్నమాట. షరతు ఒక్కటే: రిలేకి మొత్తం అర్థమై తీరాలి. అర్థమైందని నేననుకున్నాను, అక్కడే దెబ్బతిన్నాను.

మీ ఇంట్లో వైఫై రిపీటర్ చేసేదీ ఇంచుమించు ఇదే. కాకపోతే ఒకే రేడియో ఉన్న చవక రకాలు అదే ఛానల్ మీద వినాలి, చెప్పాలి. అందుకే స్పీడు దాదాపు సగమైపోతుంది. రౌటర్ నుంచి నేరుగా వచ్చే సన్నటి సిగ్నల్‌ని కలుపుకునే తెలివి కూడా వాటికుండదు.

రెండోది కంప్రెస్ అండ్ ఫార్వర్డ్. నాకు బాగా నచ్చింది ఇదే. పాఠాల్లో దీన్ని ఒక పేరాతో ఎందుకు సరిపెడతారో అర్థం కాదు. ఇందులో రిలే 'నాకర్థమైంది' అనదు. తను విన్నదాన్ని ముతగ్గా వర్ణించి పంపుతుంది. అదీ మొత్తం కాదు, వినేవాడికి అప్పటికే తెలిసింది మినహాయించి!

ఎలాగంటారా? అంకెలన్నిటినీ ముందే రెండు సంచుల్లో వేసుకున్నాం అనుకోండి. ఒకటి సరి, ఒకటి బేసి. నాన్నమ్మ తన చెవితోనే '15 లేదా 50' దాకా వచ్చేసింది. అప్పుడు నేను 'బేసి' అంటే చాలు, ఒక్క బిట్. ఆమె అనుమానం ఏమిటో నాకు తెలియకపోయినా పని జరిగిపోతుంది. నిజం పద్ధతిలో సంచుల్లో వేసేది అంకెల్ని కాదు, విన్న శబ్దపు ముతక వర్ణనల్ని. వినేవాడి దగ్గర సొంత సమాచారం ఉన్నప్పుడు ఈ వర్ణనను ఎంత చిన్నది చేయొచ్చో వైనర్, జివ్ 1976లోనే లెక్కగట్టారు.

రిలే పంపేవాడికి దగ్గరగా ఉంటే మామూలుగా డీకోడ్ చేయడం మేలు. వినేవాడికి దగ్గరగా ఉంటే కంప్రెస్. నేను నాన్నమ్మకు దగ్గర, డాక్టర్‌కి దూరం. "యాభై" అని ఖాయంగా కేకేయకుండా "ఫిఫ్.. అని వినపడింది, చివర తెలీలేదు" అనాల్సింది.

తమాషా ఏంటంటే, ఉన్నది ముగ్గురే అయినా ఈ ఛానల్ అసలు కెపాసిటీ ఎంతో అన్ని సందర్భాలకూ వర్తించే సమాధానం ఇప్పటికీ లేదు. కొన్ని ప్రత్యేక రకాలకే దొరికింది. అలాగని ఇండస్ట్రీ ఆగలేదు లెండి, 4జీ ప్రమాణాల్లోనే రిలేలు వచ్చేశాయి.

కవర్ 1987లో ఒక ప్రశ్న వేశాడు. రిలేకీ వినేవాడికీ నాయిస్ ఒకే స్థాయిలో ఉంది. వాళ్లిద్దరి మధ్య ఎంత లావు పైపు వేస్తే, రిలే విన్నదంతా వినేవాడే స్వయంగా విన్నంత లాభం వస్తుంది? వూ, బార్న్స్, ఓజ్‌గుర్ అనే ముగ్గురు గాసియన్ నాయిస్‌కి జవాబు తేల్చి 2019లో ప్రచురించారు. ఎంత లావు పైపు వేసినా ఆ పూర్తి లాభం రాదు, అనంతమైన పైపు ఉంటే తప్ప.

నాన్నమ్మకు ఈ పేపర్ సంగతి తెలీదు. కానీ ఆ రోజు నుంచి డాక్టర్‌గారి ఫోనంటే మోకాళ్లు పట్టుకుని, ఒక్కో మెట్టూ ఆగుతూ తనే డాబా ఎక్కుతోంది. "నేను చెప్తాగా" అంటే వినదు.