పుదీనా వేస్తే చట్నీ వాసన ఎందుకొస్తుంది? ఇంట్లో చాక్లెట్ మింట్ కప్‌కేక్స్ (ఎపిసోడ్ పూర్తి టెక్స్ట్)

ఈ ఎపిసోడ్‌లో చాక్లెట్ మింట్ కప్‌కేక్స్ ఇంట్లో ఎలా చేసుకోవాలో చూద్దాం. కేకులో గుడ్డు లేదు, బటర్ లేదు, బీటర్ కూడా అక్కర్లేదు. ఓటీజీ లేనివాళ్ళకి స్టవ్ మీద ఎలా చేయాలో కూడా చెప్తాను.

రెసిపీ మాత్రమే కావాలంటే రెండు నిమిషాల్లో అయిపోతుంది. కానీ నేను కొంచెం వెనక్కి వెళ్ళి చెప్తాను, దానికి కారణం ఉంది. కూరలో ఉప్పు తగ్గితే మధ్యలో వేసుకుంటాం. పులుసు పల్చగా ఉంటే ఇంకాసేపు మరిగిస్తాం. కేకు అలా కాదు. అవెన్ తలుపు వేశాక మన చేతిలో ఏమీ ఉండదు. ప్రొడక్షన్‌లోకి వెళ్ళిపోయిన కోడ్ లాంటిది, ఏదైనా సరిచూసుకోవాలంటే ముందే చూసుకోవాలి. ఇంట్లో లేదని ఒకదాని బదులు ఇంకోటి వేస్తే మైదా, కోకో, చాక్లెట్ అన్నీ వేస్ట్. అంతకంటే బాధేంటంటే, పుట్టినరోజు సాయంత్రం పిల్లల ముందు పెట్టడానికి ఏమీ ఉండదు, "నాకు బేకింగ్ రాదు" అని మనమే డిసైడ్ అయిపోతాం. మింట్ దగ్గరైతే డబ్బు పోవడమే కాదు, సేఫ్టీ విషయం కూడా ఉంది. అందుకే అక్కడి నుంచే మొదలుపెడదాం.

మింట్ అంటే మన పుదీనాయేనా?

అవును, కాదు. రెండూ కరెక్టే. రెండూ ఒకే కుటుంబం, కానీ ఒకే మొక్క కాదు. మనం రైతు బజార్‌లో కట్టలుగా కొనే పుదీనా ఎక్కువగా స్పియర్‌మింట్ రకం. దాని వాసనకి ముఖ్య కారణం కార్వోన్ అనే పదార్థం. చాక్లెట్‌తో కలిపి వాడేది పెప్పర్‌మింట్. ఇది స్పియర్‌మింట్‌కీ, నీటి అంచున పెరిగే వాటర్‌మింట్‌కీ పుట్టిన సంకర జాతి. ఇందులో ఎక్కువగా ఉండేది మెంథాల్. చూయింగ్ గమ్‌లో, టూత్‌పేస్ట్‌లో, దగ్గు బిళ్ళలో నోరంతా చల్లగా అనిపించేది దీనివల్లే.

మన పుదీనాలో మెంథాల్ చాలా తక్కువ. అందుకే ఆకు రుబ్బి కేకులో వేస్తే చల్లదనం రాదు, ఆకు వాసన మాత్రం వస్తుంది. మన నాలుక ఆ వాసనని బిర్యానీతోనో చట్నీతోనో గుర్తుపట్టేస్తుంది. మీ చేతిలో లోపం ఏమీ లేదు, మొక్కే వేరు.

ఇంకో సరదా విషయం. మెంథాల్ నిజంగా దేన్నీ చల్లబరచదు. నోట్లో టెంపరేచర్ అంతే ఉంటుంది. మన నరాల చివర చలిని గుర్తుపట్టే ఒక రిసెప్టర్ ఉంది, దాని పేరు టీఆర్‌పీఎం8. మెంథాల్ వెళ్ళి దాన్ని ఆన్ చేస్తుంది, మెదడుకి "చలి" అని మెసేజ్ వెళ్తుంది. మిరపకాయ తింటే మంట అనిపించడం కూడా ఇలాంటి పనే, అక్కడ వేడిని గుర్తుపట్టే రిసెప్టర్ ఆన్ అవుతుంది. డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ అనే ఇద్దరు సైంటిస్టులు ఈ చలి రిసెప్టర్‌ని 2002లో మెంథాల్ సాయంతోనే విడివిడిగా కనిపెట్టారు. వేడి, చలి, స్పర్శ రిసెప్టర్ల మీద చేసిన పనికి 2021లో ఇద్దరికీ వైద్యశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

చాక్లెట్‌తో ఇది ఎందుకంత బాగా కుదురుతుంది? చాక్లెట్‌లో ఉండే కోకో బటర్ సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంటే మన ఒంటి వేడి కంటే కొంచెం తక్కువ. నోట్లో కరిగి నాలుక మీద కొవ్వు పొరలా పరుచుకుంటుంది. మెంథాల్ కొవ్వులో బాగా కలుస్తుంది కాబట్టి ఆ పొరలోంచి మెల్లగా బయటికొస్తుంది. ముందు తీపి, తర్వాత కోకో చేదు, చివర్లో చల్లదనం. ఒక్క ముద్దలో మూడూ వరసగా వస్తాయి.

ఏ మింట్ కొనాలి, ఏది ముట్టుకోకూడదు

ఇది జాగ్రత్తగా వినండి. బేకింగ్ సామాన్లు అమ్మే షాపుల్లో పెప్పర్‌మింట్ ఎసెన్స్ లేదా ఎక్స్‌ట్రాక్ట్ దొరుకుతుంది. ఇది బాగా పల్చన చేసినది, చెంచాతో కొలవచ్చు. మనకి కావలసింది ఇదే. సీసా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు, 14 అంకెల లైసెన్స్ నంబర్ ఉన్నాయో లేదో చూసుకోండి.

రెండోది పెప్పర్‌మింట్ ఆయిల్. ఫుడ్ గ్రేడ్‌ది అయినా సరే, ఎసెన్స్ కంటే ఎన్నో రెట్లు ఘాటు. దాన్ని చెంచాతో కొలవకూడదు, చుక్కల్లోనే లెక్క. తలనొప్పికి రాసుకోవడానికో, గదిలో సువాసనకో అమ్మే మింట్ ఆయిల్ మాత్రం వంటకి అసలు వద్దు.

మూడోది మన ఇళ్ళల్లో బాగా తెలిసిన పుదీనా పువ్వు. ఆయుర్వేద సామాన్ల షాపుల్లో తెల్లటి స్ఫటికాల్లా దొరుకుతుంది కదా, వాము పువ్వు, కర్పూరంతో కలిపితే నీళ్ళలా అయిపోయేది. పేరులో పుదీనా ఉంది కాబట్టి కేకులో చిటికెడు వేయొచ్చా అని చాలామంది అడుగుతారు. వద్దు. అది దాదాపు పూర్తిగా మెంథాల్. చిటికెడు అనేది మనకి చిన్న కొలత, మెంథాల్‌కి చాలా పెద్ద కొలత. పైగా విడిగా అమ్మేది తినడానికి తయారు చేసినదో కాదో మనకి తెలిసే దారి లేదు.

చిన్నపిల్లలున్న ఇంట్లో ఇంకో జాగ్రత్త. ఘాటైన మెంథాల్ పసిపిల్లల ముక్కు, నోరు దగ్గరికి వస్తే ఊపిరి తీసుకోవడం కష్టం కావచ్చు. సీసా వాళ్ళకి అందకుండా పెట్టండి. 12 కప్‌కేక్స్ చేస్తే మూడు, నాలుగు మింట్ లేకుండా ఉంచండి, చిన్నవాళ్ళకి అవే ఇవ్వండి. ఎసిడిటీ ఎక్కువగా ఉండే పెద్దవాళ్ళకి కూడా అవే బెటర్. ఎందుకంటే మింట్, చాక్లెట్ రెండూ కడుపు పైన ఉండే కవాటాన్ని వదులు చేస్తాయి, దాంతో పుల్లటి తేన్పులు పెరగొచ్చు.

కేకు కొలతలు

ఇప్పుడు రాసుకోండి. 12 కప్‌కేక్స్‌కి మైదా 190 గ్రాములు, పొడి చేసిన పంచదార 200 గ్రాములు, తీపి లేని కోకో పౌడర్ 30 గ్రాములు, వంటసోడా ఒక టీస్పూన్, ఉప్పు అర టీస్పూన్. ఇవి పొడివి. తడివి ఏంటంటే నీళ్ళు 240 మిల్లీలీటర్లు, వాసన లేని నూనె 75 మిల్లీలీటర్లు, తెల్ల వెనిగర్ ఒక టేబుల్‌స్పూన్, వెనీలా ఎసెన్స్ ఒక టీస్పూన్. సన్‌ఫ్లవర్ ఆయిల్ చాలు, పల్లీ నూనె వద్దు, వాసన తెలిసిపోతుంది.

ఇందులో మూడు చోట్ల జనం బోల్తా పడతారు.

ఒకటి, కోకో పౌడర్. పాలల్లో కలుపుకునే చాక్లెట్ పౌడర్ కోకో కాదు, దానిలో పంచదార ఉంటుంది. అది వేస్తే తీపి పెరుగుతుంది, చాక్లెట్ రుచి తగ్గుతుంది. ప్యాకెట్ వెనక పదార్థాల లిస్టులో కోకో ఒక్కటే ఉండాలి. కోకోలో కూడా రెండు రకాలున్నాయి. నేచురల్ కోకో కాస్త పుల్లగా, లేత రంగులో ఉంటుంది. డచ్ ప్రాసెస్డ్ లేదా ఆల్కలైజ్డ్ అని రాసి ఉంటే క్షారంతో ఆ పులుపు తగ్గించారని అర్థం, అది ముదురు రంగులో ఉంటుంది. ఈ రెసిపీకి రెండూ పనికొస్తాయి, ఎందుకంటే పులుపు మనం వెనిగర్ నుంచి తెస్తున్నాం. చాలామందికి తెలియని విషయం, కోకో మన దగ్గరే పండుతుంది. గోదావరి జిల్లాల్లో కొబ్బరి చెట్ల నీడలో అంతర పంటగా వేస్తారు.

రెండు, వంటసోడా, బేకింగ్ పౌడర్. రెండూ తెల్ల పొడులే, కానీ ఒకటి కాదు. వంటసోడాకి పుల్లటిది తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, ఆ బుడగలే కేకుని పైకి లేపుతాయి. ఇడ్లీ పిండిని రాత్రంతా పులియబెడితే జరిగేది కూడా ఇదే, అక్కడ గ్యాస్‌ని సూక్ష్మజీవులు తయారు చేస్తాయి. బేకింగ్ పౌడర్‌లో సోడాతో పాటు పుల్లటి పొడి, కొంచెం పిండి ముందే కలిపి ఉంటాయి. అందుకే స్పూన్‌కి స్పూన్ చూస్తే బేకింగ్ పౌడర్ శక్తి సోడాలో సుమారు మూడో వంతే. సోడా బదులు అంతే బేకింగ్ పౌడర్ వేస్తే కేకు సరిగా పొంగదు. బేకింగ్ పౌడర్ బదులు అంతే సోడా వేస్తే సబ్బు నమిలినట్టు ఉంటుంది.

మూడు, కలపడం. చపాతీ పిండిని ఎంత పిసికితే అంత మంచిది, ఎందుకంటే అక్కడ గ్లూటెన్ సాగాలి. ఇక్కడ రివర్స్. మైదాని ఎక్కువ తిప్పితే గ్లూటెన్ గట్టిపడి కేకు రబ్బరులా అవుతుంది. పొడివన్నీ జల్లించి, తడివి పోసి, పొడి పిండి కనబడకుండా పోయేదాకా తిప్పండి, అంతే. చిన్న చిన్న ఉండలు మిగిలితే పర్వాలేదు.

బేకింగ్

వెనిగర్ తగిలిన క్షణం నుంచే గ్యాస్ మొదలవుతుంది. కాబట్టి ఆర్డర్ ముఖ్యం. ముందు ఓటీజీని 180 డిగ్రీల దగ్గర 10 నుంచి 15 నిమిషాలు వేడెక్కనివ్వాలి, ట్రేలో పేపర్ కప్పులు సర్దాలి, ఆ తర్వాతే తడివి, పొడివి కలపాలి. పిండి కలిపి పెట్టి ఫోన్ మాట్లాడి వస్తే బుడగలు ఆగవు.

కప్పులో మూడింట రెండు వంతులే నింపండి. మధ్య అరలో పెట్టి 18 నుంచి 20 నిమిషాలు. మొదటి 15 నిమిషాలు తలుపు తీయొద్దు. తీస్తే వేడి తగ్గి, ఇంకా గట్టిపడని కేకు మధ్యలో కుంగిపోతుంది. టూత్‌పిక్ గుచ్చితే తడి పిండి అంటకుండా రావాలి, రెండు మూడు పొడి రేణువులు అంటుకున్నా ఓకే.

మామూలు మైక్రోవేవ్ మోడ్‌లో ఇది చేయకండి, కన్వెక్షన్ మోడ్ ఉంటేనే. ఏదీ లేకపోతే మందపాటి పాత గిన్నె తీసుకోండి. అడుగున అంగుళం మందాన ఉప్పు పరిచి, స్టాండ్ పెట్టి, మూత వేసి మీడియం మంట మీద 10 నిమిషాలు వేడి చేయండి. కుక్కరే వాడితే గాస్కెట్, విజిల్ రెండూ తీసేయాలి, ఇది తప్పనిసరి. పేపర్ కప్పులు ఒంటరిగా నిలబడవు కాబట్టి చిన్న స్టీల్ గిన్నెల్లో పెట్టండి. సన్న మంట మీద 25 నుంచి 30 నిమిషాలు పట్టొచ్చు. ఒక్కో స్టవ్ ఒక్కోలా ఉంటుంది, అందుకే టైమ్ కంటే టూత్‌పిక్‌ని నమ్మండి.

మింట్ ఎక్కడ వేయాలి?

కేకు పిండిలో కాదు, పైన క్రీమ్‌లో. మెంథాల్ ఆవిరితో పాటు ఎగిరిపోయే రకం. పిండిలో వేస్తే ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది, కేకులో మిగిలేది తక్కువ. క్రీమ్‌ని మనం ఉడికించం కాబట్టి వేసింది వేసినట్టే ఉంటుంది.

బటర్‌క్రీమ్‌కి ఉప్పు లేని బటర్ 115 గ్రాములు, ఐసింగ్ షుగర్ 230 గ్రాములు, పాలు ఒక టేబుల్‌స్పూన్. మనం బ్రెడ్‌కి రాసుకునే పసుపు బటర్‌లో మామూలుగా ఉప్పు ఉంటుంది, అందుకే ప్యాకెట్ చదవండి. బటర్ మెత్తబడ్డాక తెల్లగా వచ్చేదాకా గిలక్కొట్టి, పంచదార రెండు విడతలుగా వేయండి. ఇప్పుడు మింట్ ఎసెన్స్ పావు టీస్పూన్. కలిపి, అరగంట ఆగి, అప్పుడు రుచి చూడండి. వేసిన వెంటనే పూర్తి ఘాటు తెలియదు. తక్కువైతే ఇంకొంచెం వేయొచ్చు, ఎక్కువైతే వెనక్కి తీయలేం. ఆకుపచ్చ రంగు మీ ఇష్టం, రుచితో దానికి సంబంధం లేదు.

ఒక ప్రాక్టికల్ ప్రాబ్లమ్. బటర్ 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. విజయవాడలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం వంటింటి వేడి ఇంతకంటే ఎక్కువే. క్రీమ్ పువ్వులు ఫోటో తీసేలోపే జారిపోతాయి. ఎండాకాలంలో గనాష్ చేసుకోండి. డార్క్ చాక్లెట్ 200 గ్రాములు, ఫ్రెష్ క్రీమ్ 100 గ్రాములు. క్రీమ్‌ని అంచుల దగ్గర చిన్న బుడగలు వచ్చేదాకా వేడి చేసి, తరిగిన చాక్లెట్ మీద పోసి, రెండు నిమిషాలు ఆగి మెల్లగా కలపండి. గోరువెచ్చగా అయ్యాక పావు టీస్పూన్ మింట్. ఇది బటర్‌క్రీమ్ కంటే ఎండని కాస్త తట్టుకుంటుంది. చాక్లెట్ కొనేటప్పుడు లిస్టులో కోకో బటర్ ఉందో లేదో చూడండి. దాని బదులు వేరే వెజిటబుల్ ఫ్యాట్ ఉంటే అది కాంపౌండ్. చౌకగా వస్తుంది, కానీ నోట్లో అలా కరగదు.

ఎసెన్స్ ఎక్కడా దొరకలేదా? అదే క్రీమ్ వేడిగా ఉన్నప్పుడు కడిగి ఆరబెట్టిన గుప్పెడు పుదీనా ఆకులు వేసి, 20 నిమిషాలు మూత పెట్టి, వడకట్టండి. ఆకులు కొంత క్రీమ్‌ని పీల్చుకుంటాయి, తూచి 100 గ్రాములకి సరిచేసుకుని, మళ్ళీ వేడి చేసి గనాష్ చేయండి. చల్లదనం రాదు, లేత పుదీనా వాసన వస్తుంది. రుబ్బకుండా నానబెట్టాం కాబట్టి చట్నీ గుర్తుకురాదు. అది వేరే రుచి, కానీ మంచి రుచే.

కేకులు పూర్తిగా చల్లారాకే క్రీమ్ పెట్టండి. వేడి మీద పెడితే కారిపోతుంది.

చివరగా, కోడింగ్ నేర్పిన ఒక అలవాటు చెప్పి ముగిస్తాను. ఏదైనా సరిగ్గా రాకపోతే ఒకేసారి మూడు మార్చకండి. గట్టిగా వచ్చిందా, ఈసారి కలపడం ఒక్కటే తగ్గించండి. సరిగా పొంగలేదా, సోడా డేట్ చూడండి. అర స్పూన్ సోడా మీద రెండు చుక్కలు వెనిగర్ వేస్తే బుసబుసలాడాలి, లేకపోతే అది పాతబడింది. కొలతలు, మార్పులు ఒక పేపర్ మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. రెండోసారికి ఆ పేపర్ నా వీడియో కంటే ఎక్కువ పనికొస్తుంది. ఎందుకంటే అది మీ అవెన్‌కి, మీ వంటింటికి రాసిన రెసిపీ.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే ఫ్రెండ్స్. చేసి చూడండి, మొదటిసారి సగం కొలతలతో ఆరు మాత్రమే చేయండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.