ఉక్కుకు కొయ్య పాన్పు

1860వ సంవత్సరము జూలై 2వ తేదీన లండను చెంతనున్న వింబుల్డన్ మైదానమున విక్టోరియా రాణి ఒక దారమును లాగెను. పీఠముపై ముందే గురిచూచి బిగించియుంచిన విట్‌వర్త్ రైఫిలు పేలి, 400 గజముల దూరమున లక్ష్యమధ్యమునకు ఒకటింబాతిక అంగుళము ఎడముగా గుండు తాకెను. పొగడ్త రాణిగారికి దక్కినది. పని మాత్రము పీఠమునది.

పోటీలలో నట్టి పీఠముండదు. తుపాకికి కొయ్యయే పీఠము. అందులో ఉక్కు యంత్రమును కదలకుండ కూర్చుండబెట్టు పనినే ఇంగ్లీషువారు బెడ్డింగు, అనగా పాన్పు వేయుట, అందురు. పేరు మెత్తనిదే!

తూటా పేలగానే, గుండు మూతి దాటకముందే, గొట్టము మీటిన శ్రుతిదండము వలె కంపించును. ప్రతిసారియు నొకే తీరున కంపించినచో చిక్కులేదు. కాని కొయ్య తేమను పీల్చి ఉబ్బును. వానకాలమున మన యింటి తలుపు బిగుసుకొనుట ఎరుగనివారెవరు? ఉబ్బిన కొయ్య ఒకనాడు గొట్టమును ప్రక్కకు నొక్కును, మరునాడు విడుచును. డిగ్రీలో అరువదవ వంతు తేడా వచ్చినచో 1000 గజముల వద్ద గుండు సుమారు పదిన్నర అంగుళములు తప్పును; త్రికోణమితి చదువు విద్యార్థులు లెక్క కట్టి చూచుకొనవచ్చును. ఏండ్ల తరబడి సాధన చేసినవాడు తన కంటిని, ఊపిరిని, గాలిని నిందించుకొనుచుండగా, దోషము ఒక మరమేకు క్రింద దాగియుండును.

లక్ష్యభేదనకు వాడు రైఫిలు గొట్టము దళసరిది. అది త్వరగా వేడెక్కదు, తేలికగా వంగదు. అందుచేత దానిని కొయ్యకు తగులనీయక గాలిలో తేల్చియుంచుట ఆచారము. ఎన్‌ఫీల్డ్ ఎన్వాయ్ రైఫిలు నిర్మాణమట్టిదే. నడుమ కాగితపు ముక్క దూర్చి లాగినచో ఎచ్చటను తట్టుకొనరాదు. అయితే రెండు మూడు కిలోల ఉక్కు ఒక్క చివరనే వ్రేలాడుచుండును గదా! గొట్టము మొదటి అంగుళము, రెండంగుళముల మేర క్రింద ఆధారమీయవలెనని కొందరు పనివారు, కూడదని కొందరును వాదింతురు. తూటాను మూసి పేల్చు యాక్షను పొట్టిదై గొట్టము మిక్కిలి బరువైనచో ఆధారమే న్యాయమని నాకు తోచును.

ఇక పని తీరు. యాక్షను కూర్చుండు చోట కొయ్యను రెండు మూడు మిల్లీమీటర్లు తొలుతురు. మరమేకులు బిగించినపుడు కొయ్య నలగకుండ వాని చుట్టు లోహపు గొట్టములను నిలుపుదురు. పిదప ఉక్కుకు మైనము పూసి, రంధ్రములను మెత్తని మట్టితో మూసి, లోహపుపొడి కలిపిన ఎపాక్సీ ముద్దను గుంటలో నింపి, యాక్షనును మెల్లగా దింపుదురు. మైనము పూయుట మరచిరా, మరల విడదీయుట బ్రహ్మతరము కాదు. కొయ్యను చీల్చవలసి రావచ్చును. మన వైణికులకీ విద్య క్రొత్తది కాదు. పనసకొయ్య వీణపై లోహపు మెట్లను మైనపు ముద్దలో కూర్చుటయు పాన్పు వేయుటయే, కాకున్న అచ్చట మైనము పట్టి యుంచును, ఇచ్చట విడిపించును.

పేలునపుడు వెనుకకు తన్ను బలమును యాక్షను క్రిందనున్న చిన్న ఉక్కు దిమ్మ భరించును. దాని వెనుకవైపు మాత్రమే ఎపాక్సీకి నిండుగా ఆనవలెను. అందుకై ముందు, ప్రక్కల, అడుగున అంటుపట్టీ అతికించి, తరువాత తీసివేయుదురు. ఆ సన్నని ఖాళీ మిగులును. ముద్ద గట్టిపడువరకు మరమేకులను బలముగా త్రిప్పరాదు. త్రిప్పినచో యాక్షను వంగి, ఆ వంకరయే శాశ్వతముగా అచ్చుపడును.

ఒక దినము గడచిన పిదప విడదీసి, మరల కూర్చి బిగింతురు. అప్పుడు గొట్టమును కొయ్య అంచును కలిపి వ్రేలితో తాకుచు ముందరి మరమేకును వదులు చేయవలెను. వ్రేలికి కదలిక తెలియకున్న పాన్పు కుదిరినట్లే. ఏ కొంచెము కదలినను ఆ ఎపాక్సీని గీకివేసి, మరల మైనము డబ్బా తెరువవలసినదే.