వరి మొక్కయు విషలోహములును

కోవిల్పట్టి, విరుదునగర ప్రాంతముల నేల పెక్కుచోట్ల నల్లరేగడి. తమిళులు దీనిని కరిసల్ భూమి యందురు. తరతరములుగా నిచ్చట స్థిరపడిన తెలుగు రైతులు వాననే నమ్ముకొని ప్రత్తి, జొన్న, సజ్జ పండించినవారు. 1901లో కోవిల్పట్టియందు నెలకొల్పబడిన వ్యవసాయ పరిశోధన కేంద్రమును మెట్టపైరులకే పేరొందినది. ఇట్టి చోట వరి ప్రసక్తి యేల యని కొందఱికి తోపవచ్చును. కాని కణ్మాయిలనబడు చెఱువుల క్రిందను, పడమటి కనుమల పాదమున శ్రీవిల్లిపుత్తూరు, రాజపాళయముల వైపునను వరిమళ్లు గలవు. ఆ సీమయందే అగ్గిపెట్టెల పరిశ్రమయు, శివకాశి బాణసంచా పరిశ్రమయు వర్ధిల్లినవి. ఏ మడిలో నెంత లోహమున్నదో మన్ను పరీక్షించియే చెప్పవలెను. మొక్క దానినెట్లు గ్రహించునో మాత్రము నేడు చాలవఱకు తెలిసినది.

వరికి సిలికా మిక్కిలి ప్రియము. ఎండిన మొక్క బరువులో నూటికి పదివంతుల వఱకు నదియే యుండవచ్చును. దానిని లోనికి గొనివచ్చు వేరుద్వారమును జపానులో జియాన్ ఫెంగ్ మా బృందము 2006లో గుర్తించినది. నీరు నిలిచిన మడిలో ప్రాణవాయువు తఱిగి, మంటిలోని ఇనుపత్రుప్పు కరగి, దాని నంటియున్న ఆర్సెనికము విడివడును. ఆర్సెనైటు రూపమున నది సిలిసికామ్లమును పోలియుండుటచే నా ద్వారముననే లోనికి జొచ్చును. మొక్క మోసపోవుచున్నదనుట యతిశయోక్తి కాదు.

కాడ్మియము నడక దీనికి విపరీతము. అది మాంగనీసు మార్గమున బ్రవేశించును. నీరున్నంతకాలము గంధకముతో గూడి కరగక పడియుండును; మడి యారిన వెంటనే కరగి వేరు జేరును. జపానులోని జింజూ నదీతీరమున గని మురుగు పాఱిన పొలముల బియ్యము దిన్నవారి యెముకలు పెళుసెక్కి విఱిగినవి. 1968లో నా ప్రభుత్వము దీనిని కాడ్మియమువలన గలిగిన వ్యాధిగా నంగీకరించినది. కావున ఆర్సెనికమునకు వెఱచి మడి నార్చినచో కాడ్మియమునకు దారి యిచ్చినట్లగును. రెండింటికి నొక్క మందు లేదు.

ఇచ్చటి పరిశ్రమల లోహముల మాట వేఱు. అగ్గిపుల్ల తలమందులో వాడు డైక్రోమేటులోని క్రోమియము విషకరమేయైనను, నీటిమడిలో రూపము మాఱి మంటినంటుకొని చాలవఱకు కదలకుండును. పచ్చని వెలుగునకై బాణసంచాలో వాడిన బేరియము నేలలోని సల్ఫేటుతో గలిసి కరగని పదార్థమగును. ఆ లవణములను వాడరాదని సర్వోన్నత న్యాయస్థానము 2018లో నాజ్ఞాపించినది. అగ్గిపెట్టె రాపిడిపూతలోని ఆంటిమొనీ ఆర్సెనికమునకు దగ్గఱి చుట్టము. దానినే యెక్కువగా గనిపెట్టవలసియున్నది.

రేగడినేలలోని సున్నము కాడ్మియమును బంధించును. ఇది రైతుల యదృష్టమే. సున్నము తక్కువైన యెఱ్ఱనేలల కా రక్షణ లేదు. ఫాస్ఫేటు ఎరువులతో గొంత కాడ్మియము ఏటేట మడికి జేరుచుండును. ఈశాన్య ఋతుపవనముచే నిండిన చెఱువు అడుగంటినప్పుడు మొదట నెండునవి కాలువ చివరి మళ్లు. గింజ పాలుపోసికొను దినములలోనే నీరు తప్పినచో, కాడ్మియము కంకి కెక్కుట కదియే యదను. అందుచే మన్ను పరీక్షకు మొదట నెన్నదగినవి యా కడపటి మళ్లే.