“ఒకటి రెండు చోట్ల” అంటే ఏ ఊరు?

వేసవి సెలవులు ముగింపుకు వచ్చేసరికి ప్రతి ఇంట్లోనూ ఒకటే హడావుడి. బడులు తెరిచేలోగా ఎక్కడికైనా వెళ్ళి రావాలని పిల్లలు, వెళ్ళకపోతే ఏం మునిగిపోయిందని పెద్దలు. చివరకు నెగ్గేది పిల్లలే. శని, ఆదివారాలకు ముందో వెనుకో మరొక సెలవు కలిసి వచ్చిందంటే ఇక చెప్పనక్కరలేదు. అలంపురంలో జోగులాంబ దర్శనానికనీ, గద్వాల కోట చూడాలనీ, సోమశిల దగ్గర కృష్ణలో పడవ ఎక్కాలనీ, మన్ననూరు దాటి నల్లమలలోకి పోవాలనీ హైదరాబాదు నుంచి బస్సులూ కార్లూ దక్షిణానికి సాగిపోతాయి.

“అక్కడ ఎండలెలా ఉన్నాయి?” అని బయలుదేరే ముందు అందరూ అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. కాని అది సగం ప్రశ్న. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు 2016 అక్టోబరు 11న వేరుపడేదాకా పాలమూరు జిల్లాలోనివే. అక్కడి ఎండ ఎవరినీ మోసగించదు. ఉదయం ఎనిమిది గంటలకే తన సంగతి చెప్పేస్తుంది. జనమూ దానికి తగ్గట్టే నడుచుకుంటారు: పొద్దున్నే పని, మధ్యాహ్నం నీడ, పొద్దు వాలాక మళ్ళీ పని. మోసం చేసేది సాయంకాలం. “అమ్మయ్య, చల్లబడింది” అని జనం ఇండ్లలోనుంచి బయటికి వచ్చే వేళకే ప్రమాదం కూడా బయలుదేరుతుంది.

2024 మే 26 సంగతి చూడండి. ఆదివారం. బంగాళాఖాతంలో పుట్టిన “రెమాల్” తుఫాను ఆ రాత్రే బంగ్లాదేశ్, పశ్చిమ బెంగాల్ తీరాలను దాటింది. అందరి చూపూ అటే. పాలమూరుకు సముద్రమెక్కడిది? కాని ఆనాడు నాగర్‌కర్నూల్ జిల్లామీద గాలివాన విరుచుకుపడింది. తాడూరు మండలంలోని ఇంద్రకల్ దగ్గర, ఇంకా కట్టుబడిలో ఉన్న కోళ్ళ షెడ్డు గోడ కూలి నలుగురు చనిపోయారు. వారిలో ఒక చిన్నపిల్ల కూడా ఉంది. గోడలు పడి, చెట్లు విరిగి, పిడుగులు పడి ఆ ఒక్కరోజున తెలంగాణ మొత్తంమీద పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి. ఎక్కువమంది ఈ జిల్లావారే. ఆ వానకు పేరు లేదు. దాన్ని నాలుగు రోజుల ముందునుంచీ పటంలో గీత గీసి చూపించినవారూ లేరు. ఏటా మే నెలలో వచ్చే గాలివానల జాతిదే అదీ.

ఈ వానను పుట్టించేది ఎండే అంటే కొందరికి వింతగా ఉంటుంది. గద్వాల వైపు నల్లరేగళ్ళూ, వనపర్తి వైపు ఎర్రనేలలూ పొద్దంతా పెనంలా కాలుతాయి. నేలనంటిన గాలి వేడెక్కి తేలికై పైకి పోతుంది. అది పొడిగాలి అయితే దుమ్ము రేపి ఊరుకుంటుంది. కాని వేసవి చివరి రోజుల్లో విదర్భనుంచి తెలంగాణ, కర్ణాటకల మీదుగా తమిళనాడుదాకా తరచు ఒక ద్రోణి ఏర్పడుతుంది. అటు అరేబియా సముద్రంనుంచీ ఇటు బంగాళాఖాతంనుంచీ తేమ దానిలోకి వచ్చి చేరుతుంది. ఆ తేమ వేడిగాలితో కలిసి పైకి లేచి, రెండు మూడు గంటల్లోనే ఎవరెస్టు శిఖరంకంటె ఎత్తుగా, పన్నెండు కిలోమీటర్లకు మించి, మబ్బుగా పేరుకుంటుంది. పడమట కాలీఫ్లవరు పువ్వులా తెల్లగా పొంగి, అడుగున నల్లబడే మబ్బు అదే.

ఇక పైన చల్లబడిన గాలి బరువెక్కి ఒక్కసారిగా కిందికి దిగుతుంది. బిందెడు నీళ్ళు గచ్చుమీద కుమ్మరిస్తే నాలుగు పక్కలకూ ఎలా పరుగెడతాయో, ఆ గాలి కూడా నేలను తాకి అలా పరుగెడుతుంది. అందుకే ముందు గాలి, వెనుక వాన. చాలామంది ప్రాణాలమీదికి వచ్చేది ఈ రెంటి మధ్య ఉన్న పది నిమిషాలలోనే. “చినుకు పడలేదు గదా” అని గోడవారనే నిలబడతారు. ఒకరు రేకులు ఎగిరిపోకుండా బండలు ఎత్తడానికి ఇంటిమీదికి ఎక్కుతారు. ఇంకొకరు ఆరవేసిన బట్టలకు పరుగెడతారు. “మబ్బు పట్టింది, లోపలికి రాండ్రి బిడ్డా!” అని ఆ ఊళ్ళ ముసలమ్మలు కేకవేసేది అప్పుడే. ఆ కేకను మించిన హెచ్చరికను ఏ యంత్రమూ ఇంకా కనిపెట్టలేదనే నా అభిప్రాయం.

యంత్రాలను తక్కువ చేయడం కాదు సుమా. బేగంపేటలోని వాతావరణ కేంద్రం ప్రతి జిల్లాకూ విడివిడిగా ముందుమాట చెబుతున్నది. రాష్ట్ర ప్రణాళికా సంస్థవారి స్వయంచాలిత కేంద్రాలు వెయ్యికి పైగా ఉన్నాయి. మండలంలో ఎంత వేడి, ఎన్ని మిల్లీమీటర్ల వాన అన్నది సెల్‌ఫోనులోనే చూసుకోవచ్చు. ఆకుపచ్చ రంగు వేస్తే హెచ్చరిక ఏమీ లేదని; పసుపు అయితే గమనిస్తూ ఉండమని; నారింజ అయితే సిద్ధంగా ఉండమని; ఎరుపు అయితే వెంటనే జాగ్రత్త పడమని. ఇంతవరకు అందరికీ తెలుసు.

తెలియనిది భాష. “ఒకటి రెండు చోట్ల ఉరుములు, మెరుపులతో కూడిన వర్షాలు కురిసే అవకాశం ఉన్నది” అనే వాక్యం వినీ వినీ మనకు చెవి మొద్దుబారిపోయింది. ఒకటి రెండు చోట్ల అంటే ఏవో నాలుగు చినుకులని మనం అర్థం చెప్పుకుంటాము. వాతావరణ శాఖవారి లెక్కలో ఆ మాటకు వాన బలంతో ఏమీ సంబంధం లేదు. జిల్లాలోని కేంద్రాలలో నాలుగోవంతుకు మించకుండా వాన పడుతుందని మాత్రమే దాని అర్థం. సగం లోపైతే “కొన్ని చోట్ల” అంటారు. పడే ఆ ఒక్క చోట అది ఎంత గట్టిగానైనా పడవచ్చు. పక్క ఊళ్ళో దుమ్ము కూడా లేవకపోవచ్చు. కనుక ఆ వాక్యం విన్నప్పుడు దాని వెనుక ఉన్న అంకెను వెతకండి: గాలి గంటకు 30–40 కిలోమీటర్లా, 50–60 కిలోమీటర్లా? రెండోది అయితే రేకుల షెడ్డు కిందా, పెద్ద చింతచెట్టు కిందా బండి ఆపవద్దు. ఏ ఊరన్నది మూడు రోజుల ముందు ఎవరూ చెప్పలేరు. మూడు గంటల ముందు మాత్రం రాడార్ చూసి చాలావరకు చెప్పగలుగుతున్నారు. అందుచేత ప్రయాణం చేసేవారు ముందురోజు రాత్రి సూచన చూసి నిశ్చింతగా పడుకుంటే చాలదు; మధ్యాహ్నం భోజనాలయ్యాక మరొకసారి చూడాలి. పిడుగులకైతే పుణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థవారు “దామిని” అనే సాధనాన్ని సెల్‌ఫోనుకు తయారుచేసి ఇచ్చారు. అదీ లేకపోతే మెరుపు కనబడగానే అంకెలు లెక్కపెట్టండి. మూడు సెకండ్లకు ఒక కిలోమీటరు. ముప్పై లెక్కపెట్టేలోగా ఉరుము వినబడిందా, పిడుగు మీకు అందేటంత దూరంలోనే ఉన్నది. మన దేశంలో ఏటా రెండువేలమందికి పైగా పిడుగులకు బలి అవుతున్నారు. అత్యధికులు పొలాల్లో ఉన్నవారే.

ఎండ విషయంలోనూ ఒక చిన్న మెలిక ఉన్నది. పత్రికల్లో వేసే 42 డిగ్రీలు మీ నెత్తిమీద ఎండ కాదు. నేలకు నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడే తెల్లని చెక్కపెట్టెలో, నీడన కొలిచినది. ఆ పెట్టెను తయారుచేసిన థామస్ స్టీవెన్సన్ దీపస్తంభాలు కట్టే ఇంజనీరు. “ట్రెజర్ ఐలండ్” రాసిన స్టీవెన్సన్‌కు తండ్రి. కొడుకు నిధుల దీవులు చూపించాడు, తండ్రి నీడ చూపించాడు! మైదానాల్లో ఆ నీడలోనే 40 దాటి, మామూలుకంటె నాలుగున్నర డిగ్రీలు హెచ్చితే వడగాలి అంటారు. ఇక అలంపురంలో ఏడవ శతాబ్దంనాటి నవబ్రహ్మాలయాల బండలమీద మిట్టమధ్యాహ్నం చెప్పులు లేకుండా ప్రదక్షిణం చేసే పసివాడి అరికాళ్ళకు ఎన్ని డిగ్రీలో ఏ పెట్టే చెప్పదు. జోగులాంబ అమ్మవారి ఉగ్రత్వం చల్లారడానికే గుడిచుట్టూ నీళ్ళు నింపారని అక్కడివారు చెబుతారు. దర్శనం ఉదయం పదిలోపల ముగించుకోండి.

మధ్యాహ్నం ఎక్కడ గడపాలన్నది ఊరిని బట్టి. వనపర్తి సంస్థానాధీశుల రాజభవనంలో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తున్నది. ఆ గోడల మందం చూస్తే పూర్వులు ఎండకు ఏం మందు వేశారో తెలుస్తుంది. గద్వాలలో గుంటమగ్గం దగ్గర కాసేపు కూర్చోండి. ఒంటికి నూలు, అంచుకు పట్టు కలిపి నేసే ఆ చీరకు ఎండ ఎంత శత్రువో వానా అంతే. గాలి మరీ పొడిబారితే నూలుపోగు తెగుతుంది. గాలివాన వచ్చి గుంటలోకి నీళ్ళు దిగితే పని ఆగుతుంది.

సోమశిలవైపు వెళ్ళేవారికి ఈ రోజుల్లోనే దొరికే కాన్పు ఒకటి ఉన్నది. శ్రీశైలం జలాశయం వేసవిలో తగ్గినప్పుడు, అవతలి ఒడ్డున నెలల తరబడి నీటిలో మునిగి ఉండే సంగమేశ్వరాలయం బయటపడుతుంది. చూడవలసిందే. కాని ఆ వెడల్పాటి నీటిమీద గాలిని ఆపడానికి ఒక్క చెట్టు కూడా ఉండదు. మూడున్నరకల్లా పడవ ఒడ్డుకు చేరాలని ముందే మాట్లాడుకోండి. పడవవాడు మబ్బు చూసి “ఇయ్యాల వద్దు సార్” అంటే బేరం పెంచి బతిమాలవద్దు.

సెలవులు మనకే. కొల్లాపురం మామిడి తోటలవారికి మే నెలంటే ఏడాది కష్టం చేతికి వచ్చే కాలం. కోతకు వచ్చిన బేనిషాన్ కాయ ఒక్క ఈదురుగాలికి రాలిపోతే అది ఇక బేనిషాన్ కాదు, దెబ్బతిన్న కాయ. సంతలో అడిగినంతకు ఇచ్చేయవలసిందే. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్ళు వచ్చిన తరువాత యాసంగి వరి పెరిగిన ఊళ్ళలో రోడ్లమీదా కల్లాలలోనూ వడ్లు ఆరబోసి ఉంటాయి. మీ కారు నెమ్మదిగా పోనివ్వండి. పరదా కప్పడానికి పరుగెత్తుతున్న ఆ ఇంటివారికి పది నిమిషాలంటే పది బస్తాలు.

మే 25 ప్రాంతాన రోహిణి కార్తె వస్తుంది. రోహిణి ఎండకు రోళ్ళు పగులుతాయన్న సామెత అందరికీ తెలిసిందే. రోళ్ళు పగిలే ఆ పదిహేను రోజుల్లోనే ఈ గాలివానలూ జోరుగా వస్తాయి. గద్వాల విత్తనపత్తి రైతుకు ఇదే పెద్ద చిక్కు. ఒక వాన పడితే నేల పిలుస్తుంది. గింజ వేస్తే తరువాత ఇరవై రోజులు చినుకు లేకపోవచ్చు. రాష్ట్రంలో వాన తక్కువగా పడే సీమ అది. ఖరీదైన గింజతో ఆడుకోవడానికి వీలులేదు. నైరుతి రుతుపవనం కేరళకు మామూలుగా జూన్ 1న వస్తుంది. 2025లో మే 24నే వచ్చింది. అందుచేత అనుభవజ్ఞులైన రైతులు ఒక్క వానను చూసి కాదు, నేల జానెడు లోతున తడిసిందా అని తవ్వి చూసి విత్తనం పెడతారు.

జూన్ 8 ప్రాంతాన మృగశిర ప్రవేశిస్తుంది. ఆనాడు తెలంగాణలో చేపలు తినడం ఆనవాయితీ. కృష్ణాతీరంలో ఆ ఉదయం చేపల ధర ఎంత పలుకుతుందో మాత్రం బేగంపేటవారు కూడా ముందుగా చెప్పలేరు.